స్మాప్, స్మెప్ టెస్టులు 10కి 10 పాస్. అయినా ఎవరైనా ఒకసారి కోడ్ చూస్తారా?

#1 కొత్తపుట · శుక్రవారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మా టీమ్‌లో ఒక చిన్న హైపర్‌వైజర్ (వర్చువల్ మెషీన్లు నడిపే సాఫ్ట్‌వేర్) రాస్తున్నాం. ఇంటెల్ చిప్‌ల మీద నడుస్తుంది. ఈపీటీ (వర్చువల్ మెషీన్ అడ్రస్‌లని హార్డ్‌వేరే అసలు మెమరీకి మార్చే ఏర్పాటు) ఉంటే వాడుకుంటుంది, లేకపోతే షాడో పేజీ టేబుళ్లతో (హైపర్‌వైజర్ తనే కట్టుకునే నకలు టేబుళ్లు) నెట్టుకొస్తుంది. గెస్ట్‌లో (లోపల నడిచే వర్చువల్ మెషీన్) మెమరీ రక్షణ సరిగ్గా ఉందో లేదో చూడటానికి, ఓఎస్ ఏమీ లేకుండా నేరుగా బూట్ అయ్యే టెస్ట్ కెర్నల్ ఒకటి రాశాను.

స్మాప్ అంటే కెర్నల్ యూజర్ పేజీలని చదవకుండా, రాయకుండా ఆపేది; స్మెప్ అంటే వాటిలోని కోడ్‌ని కెర్నల్ నడపకుండా ఆపేది. మొత్తం 10 కేసులు. స్మాప్ ఆన్ చేసి కెర్నల్ మోడ్‌లో యూజర్ పేజీని చదవడం, దాని మీద రాయడం. స్మెప్ ఆన్ చేసి యూజర్ పేజీలోని కోడ్‌ని కెర్నల్ మోడ్‌లో నడపడం. యూజర్ మోడ్ నుంచి కెర్నల్ పేజీని చదవడం, రాయడం, నడపడం. ఎన్‌ఎక్స్ పేజీని (కోడ్ నడపకూడదని గుర్తుపెట్టినది) కెర్నల్ నుంచి, యూజర్ నుంచి నడపడం. రీడ్ ఓన్లీ పేజీ మీద కెర్నల్ నుంచి (డబ్ల్యూపీ=1, అంటే రీడ్ ఓన్లీ అడ్డు కెర్నల్‌కి కూడా వర్తించే స్థితి), యూజర్ నుంచి రాయడం. అన్నింట్లోనూ పేజీ ఫాల్ట్ (ఆ పేజీని తాకనివ్వకుండా ప్రాసెసర్ ఆపడం) రావాలి.

టెస్టింగ్ పద్ధతి సింపుల్. ఫాల్ట్ హ్యాండ్లర్ ఒక ఫ్లాగ్‌ని 1 చేస్తుంది, ఆర్‌ఐపీకి (నడుస్తున్న ఇన్‌స్ట్రక్షన్ అడ్రస్) 3 కలిపి వెనక్కి పంపుతుంది. ఫెచ్ కేసుల్లో (కోడ్ నడిపేవి) మాత్రం స్టాక్ మీదున్న రిటర్న్ అడ్రస్‌కి పంపుతుంది. ఫ్లాగ్ 1 అయితే పాస్.

ఈపీటీ మోడ్‌లో 10కి 10, షాడో మోడ్‌లో 10కి 10. సోమవారం మెర్జ్ చేయాలి. ఈలోగా ఎవరైనా ఒక కన్నేస్తే సంతోషం. ఫైళ్లు జతచేశాను.

#2 అతిథి64 · శుక్రవారం రాత్రి 9:40

సూపర్. అన్నీ పాస్ అయ్యాక ఇక రివ్యూ ఎందుకన్నా? 😀

#3 పుటలోపం · శుక్రవారం రాత్రి 10:05

కొత్తపుట గారూ, కోడ్ తెరిచే ముందు ఒక పని చేయండి. స్మాప్ కేసులు రెండింట్లోనూ సీఆర్4లో (ప్రాసెసర్ కంట్రోల్ రిజిస్టర్) స్మాప్‌ది అయిన 21వ బిట్‌ని ఆన్ చేసే లైన్‌ని కామెంట్ చేసి మళ్లీ నడపండి. ఇంకేమీ మార్చొద్దు. ఆ రెండూ ఫెయిల్ అవ్వాలి. అయ్యాయో లేదో ఇక్కడ రాయండి, మిగతాది ఆ తరవాత మాట్లాడదాం.

#4 కొత్తపుట · శుక్రవారం రాత్రి 10:31

చేశాను. 10కి 10 పాస్.

స్మాప్ ఆపేసినా పాస్ అంటోంది. టెన్షన్ మొదలైంది.

#5 గుడ్డినమ్మకం · శుక్రవారం రాత్రి 10:33

హమ్మయ్య, సోమవారం కాకుండా శుక్రవారమే దొరికింది.

#6 పుటలోపం · శుక్రవారం రాత్రి 10:48

కంగారు పడకండి, ఇది అందరం ఒకసారి పడే గొయ్యే. మీ హ్యాండ్లర్‌ని ఫాల్ట్ వచ్చిందా అని మాత్రమే అడుగుతున్నారు. రాత్రి కుక్క మొరిగింది సరే, దొంగను చూసి మొరిగిందా, పిల్లిని చూసి మొరిగిందా? అది ఎర్రర్ కోడ్ చెబుతుంది. ప్రాసెసర్ దాన్ని స్టాక్ మీద పెట్టి మరీ ఇస్తుంటే మీరు చూడకుండా పారేస్తున్నారు.

0వ బిట్: పేజీ ఉంది కానీ అనుమతి లేదంటే 1, అసలు పేజీయే లేదంటే 0. 1వ బిట్: రాయబోయారు. 2వది: యూజర్ మోడ్. 3వది: రిజర్వ్‌డ్ బిట్లలో ఏదో ఉంది. 4వది: ఇన్‌స్ట్రక్షన్ ఫెచ్. 5వది: ప్రొటెక్షన్ కీ.

పదింటికీ ఎర్రర్ కోడ్ ప్రింట్ చేసి పెట్టండి.

#7 కొత్తపుట · శుక్రవారం రాత్రి 11:15

పైన చెప్పిన వరుసలోనే: 0, 2, 16, 4, 6, 4, 16, 20, 2, 6.

#8 పుటలోపం · శుక్రవారం రాత్రి 11:19

అన్నీ సరి సంఖ్యలే! ఒక్కటి కూడా బేసి లేదు. అంటే పదింట్లోనూ 0వ బిట్ 0. మీ టెస్ట్ పేజీ మ్యాపే అవ్వలేదు. స్మాప్‌ని గానీ, స్మెప్‌ని గానీ, ఎన్‌ఎక్స్‌ని గానీ మీరు ఇప్పటిదాకా ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. లేని ఇంటి తలుపు కొట్టి, తాళం గట్టిగానే ఉందని రాసుకున్నట్టయింది.

రావాల్సినవి 1, 3, 17, 5, 7… అలా బేసి సంఖ్యలు.

#9 నీడపుట · శుక్రవారం రాత్రి 11:52

కోడ్ చూశాను. తప్పు పేజీ ఫ్లాగ్‌లు మార్చే మీ హెల్పర్‌లో ఉంది. అది పీటీఈలో (పేజీ టేబుల్ ఎంట్రీ) కింది 12 బిట్లనీ తుడిచేసి, మీరు ఇచ్చిన ఫ్లాగ్‌లను మాత్రమే రాస్తోంది. ప్రతి కేసులోనూ మీరు ఇస్తున్నది యూజర్ బిట్టో, రైట్ బిట్టో. ప్రెజెంట్ బిట్ ఎవరూ ఇవ్వలేదు. తుడిచేటప్పుడు మాత్రం అది కూడా పోయింది.

ఇదే ఫైల్‌లో ఇంకోటి. 2 ఎంబీ పేజీని 512 చిన్న పేజీలుగా విడగొట్టే ఫంక్షన్‌లో పాత ఎంట్రీ ఫ్లాగ్‌లన్నీ యథాతథంగా కిందికి దించుతున్నారు. పై స్థాయిలో 7వ బిట్ అంటే "ఇది పెద్ద పేజీ" అని. చివరి స్థాయికి వచ్చేసరికి అదే 7వ బిట్ పీఏటీ. అంటే మీకు తెలియకుండా ఆ పేజీల క్యాషింగ్ రకం మారిపోయే అవకాశం ఉంది. మీ పీఏటీ ఎంఎస్‌ఆర్ (క్యాషింగ్ రకాలు ఉండే ప్రాసెసర్ రిజిస్టర్) బూట్‌లో ఉండే విలువతోనే ఉంది కాబట్టి ఇప్పుడేమీ తేడా కనిపించదు. కానీ తీసేయండి.

#10 కొత్తపుట · శనివారం ఉదయం 8:20

రెండూ సరిచేశాను. సిగ్గుగా ఉంది కానీ, ఫాల్ట్ రాని కేసులు ఒక్కటి కూడా రాయకపోవడమే అసలు పొరపాటు అనిపిస్తోంది. "రక్షణ టెస్ట్ కదా, అడ్డుపడుతోందో లేదో చూస్తే చాలు" అనుకున్నా. ఆ పేజీని మామూలుగా చదివే కేసు ఒక్కటి ఉన్నా మొదటి రోజే దొరికిపోయేది.

ఇప్పుడు ప్రతి కేసుకీ ఒక జత పెట్టాను. అదే పేజీ, అదే ఇన్‌స్ట్రక్షన్, ఒక్క బిట్ తేడా. స్మాప్ ఆఫ్‌లో చదివితే ఫాల్ట్ రాకూడదు, చదివిన విలువ కూడా ముందే రాసిపెట్టిన దానితో సరిపోవాలి. ఎర్రర్ కోడ్, సీఆర్2 (ఏ అడ్రస్ దగ్గర అడ్డుపడిందో అది), ఫాల్ట్ వచ్చిన ఆర్‌ఐపీ మూడూ పోలుస్తున్నా.

మొత్తం 20లో 19 పాస్. యూజర్ మోడ్ నుంచి కెర్నల్ పేజీని నడిపే కేసు ఫెయిల్. 21 రావాలి, 5 వస్తోంది. ఫెచ్ బిట్ రావట్లేదు. ఇది మా హైపర్‌వైజర్ బగ్గేనా? ఎర్రర్ కోడ్‌ని ఎక్కడైనా మాస్క్ చేస్తున్నామేమో అని వెతుకుతున్నా.

#11 పుటలోపం · శనివారం ఉదయం 8:47

వెతకడం ఆపేయండి, బగ్ కాదు. స్మెప్ గానీ, ఈఎఫ్ఈఆర్ రిజిస్టర్‌లో ఎన్‌ఎక్స్ఈ (ఎన్‌ఎక్స్‌ని ఆన్ చేసే బిట్) గానీ ఆన్‌లో ఉంటేనే 4వ బిట్ వస్తుంది. ఆ కేసులో మీరు రెండూ ఆఫ్ చేశారు. అప్పుడు ప్రాసెసర్ దృష్టిలో ఫెచ్ కూడా మామూలు రీడ్ లాంటిదే. 5 రావడమే సరి.

తేడాను పట్టుకోవాలంటే ఆ కేసుని మూడుసార్లు నడపండి: రెండూ ఆఫ్, స్మెప్ ఒక్కటే ఆన్, ఎన్‌ఎక్స్ఈ ఒక్కటే ఆన్. 5, 21, 21. షాడో మోడ్‌లో ఎర్రర్ కోడ్ కట్టేది మీ సాఫ్ట్‌వేరే కాబట్టి అక్కడ ఈ మూడూ తప్పకుండా చూడాలి.

#12 అతిథి64 · శనివారం ఉదయం 9:30

ఒక డౌట్, తెలియక అడుగుతున్నా. ఈపీటీ ఉన్నప్పుడు గెస్ట్ పేజీ టేబుళ్లని నడిచేది హార్డ్‌వేరే కదా? స్మాప్ ఫాల్ట్ వస్తే హైపర్‌వైజర్‌కి తెలియకుండా నేరుగా గెస్ట్‌కే వెళ్తుంది. మరి ఈపీటీ మోడ్‌లో ఈ టెస్ట్ ఎవరిని పరీక్షిస్తున్నట్టు? ఇంటెల్ వాళ్ల చిప్‌నా?

#13 నీడపుట · శనివారం ఉదయం 10:18

చాలా మంచి ప్రశ్న, రివ్యూలో అందరికంటే ముందు అడగాల్సింది ఇదే. మామూలు రీడ్, రైట్ వరకు మీరన్నది నిజం, అక్కడ పరీక్ష చిప్‌కే. హైపర్‌వైజర్ చెయ్యి పడే చోట్లు వేరే ఉన్నాయి.

గెస్ట్ సీఆర్4లో రాసే ప్రతి బిట్టూ హార్డ్‌వేర్‌కి వెళ్లదు. ఏ బిట్లు తన చేతిలో ఉంచుకోవాలో హైపర్‌వైజర్ మాస్క్‌తో చెబుతుంది. అక్కడ ఒక బిట్ జారిపోతే, గెస్ట్ తిరిగి చదివినప్పుడు స్మాప్ ఆన్‌లో కనిపిస్తుంది, నిజంగా మాత్రం ఉండదు. పైకి తాళం, లోపల గడియ లేదు. సీపీయూఐడీ (చిప్‌లో ఏ సౌకర్యాలున్నాయో చెప్పే ఇన్‌స్ట్రక్షన్) సంగతి కూడా అంతే: 7వ లీఫ్‌లో ఈబీఎక్స్ 20వ బిట్ స్మాప్‌ది, 7వ బిట్ స్మెప్‌ది. గెస్ట్‌కి "లేదు" అని చెప్పి, సీఆర్4లో ఆ బిట్ పెట్టనిస్తే తప్పు. జనరల్ ప్రొటెక్షన్ ఫాల్ట్ ఇవ్వాలి. కొత్తపుట గారి ప్యాచ్‌లో ఆ కేసు లేదు, చేర్చాలి.

అన్నిటికంటే ముఖ్యం ఎమ్యులేటర్. ఏదైనా ఇన్‌స్ట్రక్షన్‌ని హైపర్‌వైజర్ తనే సాఫ్ట్‌వేర్‌లో నడిపించాల్సి వస్తే, గెస్ట్ పేజీ టేబుళ్లని నడిచి యూజర్ బిట్, రైట్ బిట్, స్మాప్, ఏసీ ఫ్లాగ్ (ఇది 1 అయితే స్మాప్ అడ్డు తాత్కాలికంగా తొలగుతుంది) అన్నీ తనే చూసుకోవాలి. అక్కడ హార్డ్‌వేర్ కాపలా లేదు. కేవీఎంలో (లినక్స్‌లోని హైపర్‌వైజర్) దీనికోసం ఒక చిట్కా ఉంది. యూడీ2 (కావాలనే చెల్లనిదిగా ఉంచిన) ఇన్‌స్ట్రక్షన్ తరవాత "కేవీఎం" అనే మూడు ఇంగ్లిష్ అక్షరాల ఆస్కీ బైట్లు పెడితే, దాని వెనకున్న ఇన్‌స్ట్రక్షన్‌ని బలవంతంగా ఎమ్యులేటర్ చేత నడిపిస్తుంది. మాడ్యూల్ పారామీటర్‌తో ఆన్ చేయాలి. మీ హైపర్‌వైజర్‌లోనూ అలాంటి తలుపు ఒకటి పెట్టుకుంటే, ఉన్న కేసులన్నీ రెండోసారి ఎమ్యులేటర్ దారిలో నడపొచ్చు.

#14 మూడోతప్పు · శనివారం ఉదయం 11:02

నా పేరు చూసే ఊహించి ఉంటారు. నా కథ కూడా వినండి.

పాత ఆఫీసులో ఇలాంటి టెస్టులే క్యూఎము (వర్చువల్ మెషీన్ నడిపే ప్రోగ్రామ్) మీద నడిపేవాళ్లం. బాగా నడిచి ఆగిపోతే స్క్రిప్ట్‌కి 0 వస్తుంది, 0 అంటే పాస్ అని రాసుకున్నాం. ఒకరోజు నేను స్మాప్ కేసు చేర్చాను. మా టెస్ట్ కెర్నల్‌లో మెమరీ మొత్తం యూజర్ బిట్‌తోనే మ్యాప్ అయ్యి ఉండేది, స్టాక్‌తో సహా. స్మాప్ ఆన్ చేసిన మరుక్షణం స్టాక్ మీద పుష్ చేయబోతే ఫాల్ట్. హ్యాండ్లర్‌కి వెళ్లడానికి కూడా అదే స్టాక్ కావాలి, అక్కడ డబుల్ ఫాల్ట్. దానికీ అదే గతి, ట్రిపుల్ ఫాల్ట్. రీబూట్ వద్దని ఆప్షన్ ఇచ్చాం కాబట్టి క్యూఎము మర్యాదగా 0తో బయటికి వచ్చేసింది. స్క్రిప్ట్ పాస్ అంది.

అలా కొన్ని నెలలు ఆకుపచ్చగా వెలిగింది. ఆ ఫైల్ మొదటి నాలుగు లైన్లు తప్ప ఇంకేదీ నడవలేదని ఎవరికీ తెలియదు, నాతో సహా.

కేవీఎం యూనిట్ టెస్టుల్లో డీబగ్ ఎగ్జిట్ డివైస్ వాడేది ఇందుకే. గెస్ట్ ఆ పోర్టులో ఏ విలువ రాసినా, క్యూఎము దాన్ని రెట్టింపు చేసి 1 కలిపి బయటికి ఇస్తుంది. గెస్ట్ 0 రాస్తే బయటికి 1. అంటే గెస్ట్ తన నోటితో చెప్పిన ఫలితం ఎప్పుడూ బేసి సంఖ్యే. 0 వచ్చిందంటే అది గెస్ట్ చెప్పింది కాదు.

ఇంకోటి: లాగ్‌లో ఎన్ని కేసులు నడిచాయో లెక్క కూడా సరిచూడండి. 20 ఉండాల్సిన చోట 3 నడిచి ఆగిపోతే అది పాస్ కాదు.

#15 గుడ్డినమ్మకం · శనివారం ఉదయం 11:10

బేసి అయితే మంచిది, సరి అయితే అనుమానం. ఈ చర్చ మొత్తం అదే తేలుతోంది 😂

పనిలో పనిగా, అసలు కేవీఎం మీదే నడుస్తోందా అని కూడా చూసుకోండి. హోస్ట్‌లో పర్మిషన్ లేక కేవీఎం తెరుచుకోకపోతే కొన్ని స్క్రిప్టులు చప్పుడు చేయకుండా టీసీజీకి (క్యూఎము సొంత సాఫ్ట్‌వేర్ ఎమ్యులేషన్) మారిపోతాయి. అప్పుడు మీరు పరీక్షించేది క్యూఎము సాఫ్ట్‌వేర్‌ని.

#16 కొత్తపుట · శనివారం ఉదయం 11:45

మాది క్యూఎము కాదు గానీ స్క్రిప్ట్‌లో 0 అంటే పాస్ అనే ఉంది. మార్చేశాను. కేసుల లెక్క కూడా చేర్చాను.

#17 పుటలోపం · శనివారం మధ్యాహ్నం 2:20

ఇప్పుడు మీ హ్యాండ్లర్ దగ్గరికి వద్దాం. "ఆర్‌ఐపీకి 3 కలపడం" చూసి అప్పటి నుంచి మనసు పీకుతోంది. మీ బైనరీని డిసాసెంబుల్ చేసి చూశాను.

రీడ్ కేసు 64 బిట్ల లోడ్. మూడు బైట్లు. బాగానే దాటారు. రైట్ కేసు మాత్రం 32 బిట్ల స్టోర్, ఆర్‌డీఐలో ఉన్న అడ్రస్‌కి. రెండే బైట్లు. అంటే దాన్ని దాటి, తరవాతి ఇన్‌స్ట్రక్షన్ మొదటి బైట్ కూడా మింగేశారు. గుడ్డెద్దు చేలో పడ్డట్టు ఎక్కడో మధ్యలో దిగి పరిగెత్తాలి కదా, మరి ఎందుకు కూలిపోలేదు? ఆ తరవాతిది 64 బిట్ల మూవ్. దాని మొదటి బైట్ ఆర్‌ఈఎక్స్ ప్రిఫిక్స్, ఇది 64 బిట్లది అని చెప్పేది. అది పోతే మిగిలిన రెండు బైట్లూ 32 బిట్ల మూవ్‌గా చక్కగా నడుస్తాయి. రిజిస్టర్ పై సగం సున్నా అయిపోతుంది, అంతే. మీ విలువ చిన్నది కాబట్టి ఎవరూ గమనించలేదు.

రేపు కంపైలర్ ఆర్‌డీఐ బదులు ఆర్8 ఎంచుకుంటే అదే స్టోర్ మూడు బైట్లవుతుంది, టెస్ట్ "బాగుపడుతుంది". ఆప్టిమైజేషన్ లెవెల్ మారిస్తే ఫలితం మారే టెస్ట్ ఎవరికి కావాలి?

లెక్కలు వద్దు. ఇన్‌లైన్ అసెంబ్లీలో మీరు పరీక్షించే ఇన్‌స్ట్రక్షన్‌ని మీరే రాయండి, దాని ముందు ఒక లేబుల్, తరవాత ఒక లేబుల్. ఆ జతని ఒక టేబుల్‌లో పెట్టండి. హ్యాండ్లర్ ఫాల్ట్ అడ్రస్‌ని టేబుల్‌లో వెతికి రెండో లేబుల్‌కి పంపాలి. టేబుల్‌లో లేని చోట ఫాల్ట్ వస్తే అది ఊహించనిది, అక్కడికక్కడే ఫెయిల్ అని ఆపేయాలి. ఇప్పుడున్న హ్యాండ్లర్ మీ సొంత కోడ్‌లో బగ్ వల్ల వచ్చిన ఫాల్ట్‌ని కూడా పాస్‌గా లెక్కేసుకుంటుంది.

ఇంకో లాభం: సీలో రాసిన ఉత్త రీడ్‌ని, విలువ ఎక్కడా వాడకపోతే, కంపైలర్ పూర్తిగా తీసేయొచ్చు. ఫాల్ట్ రాకూడని మీ కొత్త కేసుల్లో అలా జరిగితే, అసలు చదవకుండానే పాస్.

#18 అతిథి64 · శనివారం మధ్యాహ్నం 2:41

ఒక్క బైట్ మింగేసినా కూలిపోకుండా నడిచిందా! ఇది చదివాక నా కోడ్ చూడాలంటే భయమేస్తోంది.

#19 నీడపుట · శనివారం సాయంత్రం 5:05

ఏసీ ఫ్లాగ్ మాట కూడా చెప్పేస్తాను. స్మాప్‌కి మీరు పెట్టిన జత కేసులో స్టాక్ ఇన్‌స్ట్రక్షన్‌తో ఏసీ ఆన్ చేసి (మనం తొక్కే స్టాక్ కాదు, ఎస్-టీ-ఏ-సీ) యూజర్ పేజీని చదువుతున్నారు, ఫాల్ట్ రావట్లేదు, పాస్. కానీ తరవాత క్లాక్ (సీ-ఎల్-ఏ-సీ, ఏసీని ఆఫ్ చేసేది) లేదు. ఆ కేసుని వరుసలో మొదట పెడితే, తరవాతి స్మాప్ కేసులన్నీ ఏసీ=1తోనే నడుస్తాయి. ప్రతి కేసు మొదట్లో ఏసీ, సీఆర్0, సీఆర్4 తెలిసిన స్థితికి తెచ్చుకోండి. ముందు కేసు ఏం వదిలి వెళ్లిందో దాని మీద ఆధారపడకూడదు.

చాలామందికి తెలియని సంగతి ఇంకోటి. ఇంటరప్ట్ గేట్ గుండా హ్యాండ్లర్‌లోకి వెళ్లినప్పుడు ప్రాసెసర్ ఐఎఫ్‌ని (ఇంటరప్ట్‌లని అనుమతించే ఫ్లాగ్) తుడుస్తుంది, ఏసీని తుడవదు. ఏసీ=1తో ఉండగా ఫాల్ట్ వస్తే హ్యాండ్లర్ మొత్తం స్మాప్ లేకుండానే నడుస్తుంది. లినక్స్ కెర్నల్ ఎంట్రీలో క్లాక్ పెట్టుకునేది అందుకే. మీ హ్యాండ్లర్ యూజర్ స్టాక్ నుంచి రిటర్న్ అడ్రస్ చదువుతోంది, గుర్తుందా? రేపు ఎవరైనా యూజర్ ఫెచ్ కేసుని స్మాప్ ఆన్‌లో నడిపితే హ్యాండ్లర్ లోపలే ఇంకో ఫాల్ట్ వస్తుంది.

టీఎల్‌బీ (ప్రాసెసర్ గుర్తుపెట్టుకునే పేజీ ఎంట్రీల క్యాష్) గురించి: అనుమతులు తగ్గించాక ఇన్‌వీఎల్‌పీజీ (అందులో ఒక పేజీ ఎంట్రీని తీసేసే ఇన్‌స్ట్రక్షన్) తప్పనిసరి. అది మర్చిపోయి ఫాల్ట్ రాలేదని హైపర్‌వైజర్‌ని తిట్టకూడదు, పాత ఎంట్రీ వాడుకునే హక్కు ప్రాసెసర్‌కి ఉంది. అలాగని ప్రతిసారీ సీఆర్3 (పేజీ టేబుళ్లు ఎక్కడున్నాయో చెప్పే రిజిస్టర్) మొత్తం రీలోడ్ చేస్తే, షాడో మోడ్‌లో మీ ఇన్‌వీఎల్‌పీజీ హ్యాండ్లింగ్ ఎప్పటికీ పరీక్షకు రాదు. నేనైతే ఇన్‌వీఎల్‌పీజీనే వాడతాను.

#20 గుడ్డినమ్మకం · శనివారం సాయంత్రం 5:30

ప్రొటెక్షన్ కీలు (పేజీలకి కీ నంబర్లిచ్చి, కీని బట్టి అనుమతులు పెట్టడం) కూడా ఇదే ప్యాచ్‌లో చేర్చేస్తే? 16 కీలు, ఒక్కోదానికి రెండు బిట్లు, పెద్ద పనేం కాదు.

#21 పుటలోపం · శనివారం సాయంత్రం 5:44

వద్దు, వేరే ప్యాచ్. ఉన్నది ముందు నిలబడనివ్వండి. రాసేటప్పుడు మాత్రం ఒకటి మర్చిపోకండి: పీకేఆర్‌యూ (ఆ కీల అనుమతులుండే రిజిస్టర్) డేటాకే అడ్డం, ఫెచ్‌కి కాదు. యాక్సెస్ డిసేబుల్ చేసిన పేజీని యూజర్ చదివితే 37 రావాలి. అదే పేజీలోని కోడ్‌ని నడిపితే ఏ ఫాల్టూ రాకూడదు. ఆ రెండో కేసే అందరూ వదిలేస్తారు.

#22 నీడపుట · శనివారం రాత్రి 8:15

కొత్తపుట గారూ, డబ్ల్యూపీ=0 కేసు ఒక్కటి కూడా లేదు. రీడ్ ఓన్లీ పేజీ మీద కెర్నల్ రాయొచ్చు అనే పాత పద్ధతి అది. 386లో కెర్నల్ రాతకి అసలు అడ్డే లేదు, డబ్ల్యూపీ బిట్ 1989లో 486తో వచ్చింది. ఈపీటీలో అది హార్డ్‌వేర్ సంగతి. షాడోలో మాత్రం అది మీ నెత్తిన పడుతుంది, ఎందుకంటే అసలు సీఆర్0లో మీరు డబ్ల్యూపీని 1గానే ఉంచుతారు.

ఈ వరుసలోనే రాయండి, క్రమం ముఖ్యం. పేజీ: యూజర్, రీడ్ ఓన్లీ, ఎన్‌ఎక్స్ లేదు. డబ్ల్యూపీ=0, స్మెప్ ఆన్, స్మాప్ ఆఫ్.

మొదట కెర్నల్ నుంచి రాయండి, ఫాల్ట్ రాకూడదు. వెంటనే, పేజీ టేబుల్‌ని ముట్టుకోకుండా, అదే పేజీలోని కోడ్‌ని కెర్నల్ నుంచి నడపండి. 17 రావాలి. ఆ తరవాత యూజర్ మోడ్ నుంచి రాయండి. 7 రావాలి.

#23 కొత్తపుట · శనివారం రాత్రి 10:50

లేబుళ్లు, టేబుల్, స్థితి రీసెట్, సీపీయూఐడీ కేసు అన్నీ పెట్టాను. నీడపుట గారి వరుస కూడా.

ఈపీటీ మోడ్: అన్నీ పాస్.

షాడో మోడ్: డబ్ల్యూపీ=0లో కెర్నల్ రాత పాస్. తరవాత కెర్నల్ ఫెచ్… ఫాల్ట్ రాలేదు. యూజర్ పేజీలోని కోడ్‌ని కెర్నల్ మోడ్‌లో హాయిగా నడిపేసింది. స్మెప్ ఆన్‌లోనే ఉంది, తిరిగి చదివి చూశాను. ముందు రాయకుండా నేరుగా ఫెచ్ చేస్తే మాత్రం 17 సరిగ్గానే వస్తోంది!

#24 నీడపుట · శనివారం రాత్రి 11:04

అదీ సంగతి. ఇది మాత్రం మీ టెస్ట్ తప్పు కాదు, మీ హైపర్‌వైజర్‌దే.

అసలు డబ్ల్యూపీ 1 కాబట్టి, రీడ్ ఓన్లీ షాడో ఎంట్రీ మీద కెర్నల్ రాయలేదు. అందుకని రాత ఫాల్ట్ వచ్చినప్పుడు మీరు షాడో ఎంట్రీలో రైట్ బిట్ పెడతారు. కానీ యూజర్ బిట్ అలాగే ఉంచితే యూజర్ కూడా రాసేస్తాడు. కాబట్టి యూజర్ బిట్ తీసేస్తారు. ఇంతవరకు అందరూ చేసేదే. తరవాత యూజర్ చదవబోతే ఫాల్ట్ వస్తుంది, అప్పుడు మళ్లీ యూజర్ బిట్ పెట్టి రైట్ బిట్ తీసేస్తారు. అలా అటూ ఇటూ తిప్పుతూ ఉంటారు.

గొడవెక్కడంటే, యూజర్ బిట్ తీసేసిన క్షణం నుంచి ఆ పేజీ హార్డ్‌వేర్ కంటికి కెర్నల్ పేజీ. స్మెప్ అడ్డుకునేది యూజర్ పేజీలనే కదా. మీరు వేషం మార్చారు, కాపలావాడు లోపలికి వదిలేశాడు. అందుకే గెస్ట్‌లో స్మెప్ ఆన్‌లో ఉంటే, ఆ షాడో ఎంట్రీలో ఎన్‌ఎక్స్ కూడా పెట్టాలి. కేవీఎం చేసేది అదే, లినక్స్ కెర్నల్ డాక్యుమెంటేషన్‌లో కేవీఎం ఎంఎంయూ (మెమరీ నిర్వహణ భాగం) గురించి ఉన్న పేజీలో ఈ ముక్క స్పష్టంగా రాసి ఉంటుంది.

#25 కొత్తపుట · ఆదివారం ఉదయం 7:35

నిద్రపట్టలేదు. ఫాల్ట్ హ్యాండ్లింగ్ ఫంక్షన్‌లో నిజంగానే ఆ ఒక్క కండిషన్ లేదు. చేర్చాను, మూడు లైన్లు. 17 వచ్చింది, తరవాత యూజర్ రాతకి 7 వచ్చింది.

పుటలోపం గారు మొదట చెప్పిన పని మళ్లీ చేశాను, ఈసారి అడగకుండానే. ఆ మూడు లైన్లు కామెంట్ చేస్తే ఆ ఒక్క కేసే ఫెయిల్. స్మాప్ బిట్ ఆపితే స్మాప్ కేసులు మాత్రమే ఫెయిల్. ఎన్‌ఎక్స్ఈ ఆపితే ఎన్‌ఎక్స్ కేసులు ఇంకో తీరులో ఫెయిల్: 17 బదులు 9, 21 బదులు 13. ఎన్‌ఎక్స్‌ది అయిన 63వ బిట్ అప్పుడు రిజర్వ్‌డ్ అయిపోతుందని, పైగా ఆ కేసుల్లో స్మెప్ కూడా లేదు కాబట్టి ఫెచ్ బిట్ రాదని అర్థమయ్యాక భలే సంతోషమేసింది.

#26 పుటలోపం · ఆదివారం ఉదయం 8:10

9ని మీ అంతట మీరే అర్థం చేసుకున్నారు చూడండి. నా వైపు నుంచి ఓకే. ఎమ్యులేటర్ దారి తరవాతి ప్యాచ్‌లో రావాలని ఫైల్ పైన ఒక కామెంట్ రాయండి, మర్చిపోతాం.

ఒక్క కేసు వీలైతే ఇప్పుడే పెట్టండి: పేజీ చివర 4 బైట్ల ముందు మొదలయ్యే 8 బైట్ల రాత, మొదటి పేజీకి అనుమతి ఉంది, రెండోదానికి లేదు.

#27 కొత్తపుట · ఆదివారం ఉదయం 9:22

పెట్టాను. ఈపీటీలో పాస్. సీఆర్2లో రాత మొదలైన అడ్రస్ కాకుండా రెండో పేజీ మొదటి అడ్రస్ వస్తోంది. ఇది సరేనా?

#28 నీడపుట · ఆదివారం ఉదయం 9:30

సరే. అడ్డుపడింది రెండో పేజీ కదా, దాని అడ్రసే చెబుతుంది. షాడోలో ఏమొచ్చింది?

#29 కొత్తపుట · ఆదివారం ఉదయం 9:41

షాడోలో కూడా అదే. మూడో వెర్షన్ జతచేశాను. సోమవారం మెర్జ్‌ని బుధవారానికి మార్చమని మెయిల్ పెట్టేశాను, ఎమ్యులేటర్ తలుపు కూడా దీనితోనే పంపుతా.